ఆలివ్ మిల్లు నల్లనీళ్ల నుంచి పాలీఫినాల్స్ తీయడానికి ఏ గ్రీన్ సాల్వెంట్ ఎంచుకోవాలి?

ఆలివ్ కాయలో ఉండి, ఆక్సీకరణని అడ్డుకునే పాలీఫినాల్స్‌లో నూనెలోకి చేరేది దాదాపు 2 శాతమే. మిగతాదంతా పిప్పిలోకి, మిల్లు బయటికి వదిలే నల్లటి నీళ్లలోకి పోతుంది. వాటిలో ముఖ్యమైనది హైడ్రాక్సీటైరోసాల్. 20 గ్రాముల ఆలివ్ నూనెలో ఇది, దీని నుంచి వచ్చే సమ్మేళనాలు కలిపి 5 మిల్లీగ్రాములు ఉంటే, రక్తంలోని కొవ్వులు ఆక్సీకరణ చెందకుండా కాపాడుతుందని సీసా మీద రాసుకోవడానికి యూరోపియన్ యూనియన్ 2012లో అనుమతి ఇచ్చింది. సీసా మీద అంత గొప్పగా చెప్పుకునే పదార్థమే మిల్లు వెనకాల గుంటల్లో కుళ్లిపోతోంది.

ఈ నీళ్లని స్పెయిన్‌లో అల్పెచిన్ అంటారు, గ్రీసులో కాట్సిగారోస్ అంటారు. నూనె, నీళ్లు, పిప్పి మూడింటినీ వేరు చేసే డికాంటర్ ఉన్న మిల్లులో టన్ను కాయకి ఇంచుమించు ఒక ఘనపు మీటరు నీళ్లు వస్తాయి. సీఓడీ, అంటే నీళ్లలోని మలినాలు ఆక్సీకరణ చెందడానికి కావలసిన ఆక్సిజన్, లీటరుకి 40 గ్రాముల నుంచి 200 గ్రాముల దాకా ఉంటుంది. ఊరి మురుగునీటిలో అది సాధారణంగా ఒక గ్రాము కూడా ఉండదు. పైగా ఇదంతా చలికాలపు కొద్ది నెలల్లోనే మీద పడుతుంది. పాలీఫినాల్స్ సూక్ష్మజీవులకి గిట్టవు కాబట్టి ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు)లోని బ్యాక్టీరియా కూడా ఈ నీళ్లకి సరిగ్గా పనిచేయదు. అంటే వీటిని బయటికి తీస్తే అమ్మకానికి ఒక సరుకు దొరుకుతుంది, నీళ్లని శుద్ధి చేయడమూ తేలికవుతుంది.

మన దగ్గర ఆలివ్ పండదు. ఇండియాలో రాజస్థాన్‌లో, బికనేర్ వైపు 2007 ప్రాంతంలో మొదలైన సాగే ప్రధానం. అయినా ఆలివ్ నీళ్లనే ఎంచుకోవడానికి కారణం ఉంది. మిల్లు నీళ్లలోంచి మొక్కల సమ్మేళనాలు తీయడం మీద జరిగిన పనిలో పెద్ద భాగం ఈ నీళ్ల మీదే జరిగింది. ఇక్కడ ఎంపిక ఎలా చేయాలో తెలిస్తే పామాయిల్ మిల్లు నీళ్లకైనా, చిత్తూరు మామిడి పల్ప్ ఫ్యాక్టరీ నీళ్లకైనా అదే పద్ధతిలో ఆలోచించవచ్చు.

మొదట చూడాల్సింది: ఆ సాల్వెంట్ నీళ్లలో కలుస్తుందా?

గ్రీన్ సాల్వెంట్ల (పర్యావరణానికి హాని తక్కువ చేసే ద్రావకాల) మీద వచ్చే పరిశోధన పత్రాల్లో ఎక్కువ భాగం ఎండిన ఆకు, తొక్క, గింజల పొడి మీద చేసినవి. పొడి మీద సాల్వెంట్ పోస్తాం, వడకడతాం, అయిపోతుంది. మిల్లు నీళ్లలో పరిస్థితి వేరు. అక్కడ 90 శాతానికి పైగా నీళ్లే ఉన్నాయి. మీరు పోసే సాల్వెంట్ ఆ నీళ్లలో కలిసిపోతే విడదీయడానికి రెండో పొరే ఉండదు. ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం పేర్లు జాబితాలోంచి పోతాయి.

ఇథనాల్ అందరూ మెచ్చుకునే గ్రీన్ సాల్వెంటే, కానీ నీళ్లతో పూర్తిగా కలుస్తుంది. కోలిన్ క్లోరైడ్‌ని గ్లిజరాల్‌తోనో యూరియాతోనో కలిపి చేసే డీప్ యుటెక్టిక్ సాల్వెంట్లదీ (విడివిడిగా కంటే చాలా తక్కువ వేడికే ద్రవమయ్యే మిశ్రమాలు) అదే కథ. 2003లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఆండ్రూ అబాట్ బృందం వీటిని వెలుగులోకి తెచ్చినప్పటి నుంచి వీటి మీద మోజు పెరుగుతూనే ఉంది. నీళ్లు ఎక్కువైతే వాటి లోపలి హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి. చివరికి మీ దగ్గర మిగిలేది సాల్వెంట్ కాదు, కోలిన్ ఉప్పు కలిసిన మురుగునీరు. ఇవి పనికొచ్చే చోటు వేరే ఉంది, దాని గురించి కింద చెబుతాను.

ఇథైల్ అసిటేట్: పనితనం బాగుంది, లెక్క జాగ్రత్తగా వేయాలి

నీళ్లతో పూర్తిగా కలవని వాటిలో ఎక్కువ అనుభవం ఉన్నది ఇథైల్ అసిటేట్. 77 డిగ్రీలకే మరుగుతుంది, ఆవిరి చేయడానికి నీళ్లకి కావలసిన వేడిలో ఆరో వంతు చాలు, ఆహార పదార్థాల తయారీకి యూరప్ అనుమతించిన సాల్వెంట్ల జాబితాలో ఉంది. ట్యునీషియాలోని స్ఫాక్స్ పరిశోధకులు 2004లో ఎదురు ప్రవాహ పద్ధతిలో దీన్ని వాడి, యాంటీఆక్సిడెంట్లలో సుమారు 85 శాతం తిరిగి రాబట్టారు.

ఎదురు ప్రవాహం ఎందుకో చిన్న లెక్కతో చూద్దాం. సాల్వెంట్ పొరలో గాఢత నీటి పొరలో కంటే రెండింతలు ఉంటుందనుకుందాం. సమాన పరిమాణంలో సాల్వెంట్ పోసి ఒకేసారి కలిపితే 67 శాతం వస్తుంది. అదే సాల్వెంట్‌ని మూడు భాగాలు చేసి మూడుసార్లు కడిగితే 78 శాతం. నీళ్లు ఒక వైపు నుంచి, సాల్వెంట్ రెండో వైపు నుంచి ఎదురెదురుగా మూడు దశల్లో నడిస్తే అంతే సాల్వెంట్‌తో 93 శాతం. సాల్వెంట్ ఖర్చు పెంచకుండానే ఇంత తేడా వస్తుంది. కాబట్టి ల్యాబ్‌లో ఒక్కసారి గరాటులో ఊపి "ఈ సాల్వెంట్ పనికిరాదు" అని తేల్చేయకండి.

అసలు సమస్య ఆ తర్వాత వస్తుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 80 గ్రాముల ఇథైల్ అసిటేట్ కరుగుతుంది. ఘనపు మీటరుకి 80 కిలోలు. ఆ ఘనపు మీటరులోంచి మీకు దక్కే హైడ్రాక్సీటైరోసాల్ ఒక కిలో ఉంటే మంచి నీళ్లు దొరికినట్టే. కిలో సరుకు కోసం 80 కిలోల సాల్వెంట్ నీళ్లలో పోగొట్టుకుంటున్నాం. గ్రాము ఇథైల్ అసిటేట్ కుళ్లడానికి 1.8 గ్రాముల ఆక్సిజన్ కావాలి. అంటే నీళ్లకి కొత్తగా లీటరుకి 145 గ్రాముల సీఓడీ జోడించాం. కాలుష్యం తగ్గిద్దామని మొదలుపెట్టి, ఉన్నదానికి ఇంకో అంత కలిపినట్టయింది.

దీనికి విరుగుడు ఆవిరితో స్ట్రిప్పింగ్. నీళ్లలో మిగిలిన సాల్వెంట్‌ని ఆవిరి పంపి పైకి లాగి, చల్లబరిచి మళ్లీ వాడుకోవాలి. స్ట్రిప్పర్ లేని ఇథైల్ అసిటేట్ ప్లాంటుకి ఎవరైనా కొటేషన్ ఇస్తే, ధర ఎంత తక్కువైనా పక్కన పెట్టేయండి. ఇంకో చిన్న విషయం కూడా ఉంది. ఎక్స్‌ట్రాక్షన్ ముందు నీళ్లని పీహెచ్ 2 దాకా ఆమ్లం చేస్తారు, కెఫీక్ ఆమ్లం లాంటివి అప్పుడే సాల్వెంట్‌లోకి వస్తాయి. అదే పీహెచ్‌తో వేడి స్ట్రిప్పర్‌లోకి పంపితే ఇథైల్ అసిటేట్ విడిపోయి అసిటిక్ ఆమ్లం, ఇథనాల్ అవుతుంది. స్ట్రిప్పర్‌కి ముందే పీహెచ్ 5 దగ్గరికి తెచ్చుకోవాలి. మంట భయం సరేసరి. ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పంటుకోగల ఉష్ణోగ్రత) మైనస్ 4 డిగ్రీలు, మోటార్లూ లైట్లూ అన్నీ ఫ్లేమ్‌ప్రూఫ్ ఉండాల్సిందే.

దీని బంధువులు

2-మిథైల్ టెట్రాహైడ్రోఫ్యూరాన్ మొక్కజొన్న కండెలు, చెరకు పిప్పి లాంటి వాటి నుంచి తయారవుతుంది. ఫినాల్స్‌ని బలంగా లాగుతుంది. 2023లో యూరప్ దీన్ని కూడా ఆహార సాల్వెంట్ల జాబితాలో చేర్చింది. అయితే లీటరు నీళ్లలో 140 గ్రాముల దాకా కరుగుతుంది. ఇథైల్ అసిటేట్ లెక్కే మీకు భయం వేస్తే ఇది ఇంకా పెద్దది. వేడెక్కేకొద్దీ నీళ్లలో కరగడం తగ్గడం దీని ప్రత్యేకత కాబట్టి గోరువెచ్చగా నడపడం నయం. నిల్వ ఉంచితే పేలే స్వభావమున్న పెరాక్సైడ్లు ఏర్పడతాయి, డ్రమ్ము తెరిచిన ప్రతిసారీ పరీక్ష చేయాలి.

సైక్లోపెంటైల్ మిథైల్ ఈథర్ నీళ్లలో ఒక శాతమే కరుగుతుంది, పెరాక్సైడ్ల బెడద కూడా తక్కువ. నీటి వైపు నుంచి చూస్తే నాకు నచ్చిన సాల్వెంట్ ఇది. కానీ పుట్టుక పెట్రోలియం నుంచి, హైడ్రాక్సీటైరోసాల్ లాంటి నీటిప్రియ పదార్థాన్ని తక్కువగా లాగుతుంది, యూరప్ ఆహార జాబితాలో లేదు. తినే సరుకు చేయాలనుకుంటే దీన్ని వదిలేయాలి.

నిమ్మజాతి తొక్కల నుంచి వచ్చే లిమొనీన్‌ని చాలామంది కళ్లు మూసుకుని గ్రీన్ అంటారు. అది జలచరాలకి విషపూరితమని యూరప్ రసాయన వర్గీకరణలోనే ఉంది. నీళ్లలో వాడాల్సిన సాల్వెంట్‌కి ఆ ఒక్క మాట చాలు, నేనైతే దాన్ని ముట్టుకోను.

రెజిన్ మీద పట్టి, ఇథనాల్‌తో దింపడం

ఇథనాల్‌ని నీళ్లలో కలపకుండా వాడే దారి ఇది. వడకట్టిన నీళ్లని సూక్ష్మరంధ్రాలున్న రెజిన్ పూసల కాలమ్ గుండా పంపిస్తారు. పాలీఫినాల్స్ పూసలకి అంటుకుంటాయి. చక్కెరలు, లవణాలు, పొటాషియం ఆగకుండా వెళ్లిపోతాయి. ఆ తర్వాత కాలమ్‌ని మంచినీళ్లతో కడిగి, 50 నుంచి 70 శాతం ఇథనాల్ పంపితే పట్టుకున్నదంతా దిగి వస్తుంది. సెవిల్లేలోని కొవ్వుల పరిశోధన సంస్థ, ఇన్‌స్టిట్యూటో దె లా గ్రాసా, ఆవిరితో ఉడికించిన ఆలివ్ పిప్పి నుంచి హైడ్రాక్సీటైరోసాల్‌ని శుద్ధి చేయడానికి రెండు రెజిన్ కాలమ్‌ల పద్ధతిని తయారుచేసి పేటెంట్ చేసింది.

దీని గొప్పతనం పరిమాణంలో ఉంది. ఇథైల్ అసిటేట్ పద్ధతిలో మొత్తం నీళ్లు సాల్వెంట్‌ని తాకుతాయి. ఇక్కడ సాల్వెంట్ తాకేది కాలమ్‌ని మాత్రమే, అది కూడా కాలమ్ పరిమాణానికి రెండు మూడింతలు. మిల్లు నీళ్లలోకి ఇథనాల్ పోనే పోదు. దింపుడు అయ్యాక పూసల మధ్య మిగిలిన ఇథనాల్‌ని నీళ్లతో తోసి, ఆ మొదటి కడుగుని ఇథనాల్ మరిగించి వేరు చేసే బట్టీకే తిరిగి పంపితే నష్టం చాలా తక్కువ. పొటాషియం నీళ్లలోనే ఉండిపోతుంది కాబట్టి శుద్ధి తర్వాత ఆ నీళ్లు పొలానికి పనికొస్తాయి.

ఇబ్బందులు లేవని కాదు. నూనె జిడ్డు గానీ మడ్డి గానీ వస్తే పూసలు మూసుకుపోతాయి. కొన్ని విడతలకొకసారి కాస్టిక్ సోడాతో కడగాలి, ఆ నల్లటి కాస్టిక్‌ని కూడా మీరే శుద్ధి చేయాలి. మన రాష్ట్రాల్లో పెట్టే యూనిట్ అయితే ఇథనాల్ అనగానే ఎక్సైజ్ శాఖ లైసెన్సు, నిల్వ రిజిస్టర్లు, తనిఖీలు తప్పవు. పారిశ్రామిక ఆల్కహాల్ మీద కూడా రాష్ట్రాలకి అధికారం ఉందని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో తేల్చి చెప్పింది. ఆ టెన్షన్ మొదటి రోజు నుంచే లెక్కలో ఉండాలి, యంత్రాలు దిగాక కాదు.

నీళ్లలో కలవని యుటెక్టిక్ సాల్వెంట్లు

2015లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ పరిశోధకులు డెకనోయిక్ ఆమ్లంతో నీళ్లలో కలవని యుటెక్టిక్ సాల్వెంట్లు చేసి చూపించారు. తర్వాత మెంథాల్, థైమాల్ మిశ్రమాలు వచ్చాయి. రెండో పొర ఏర్పడుతుంది, ఫినాల్స్‌ని బాగానే లాగుతాయి, అంతగా ఆవిరై గాలిలో కలవవు, మంట భయం తక్కువ.

చిక్కంతా సరుకుని వాటిలోంచి బయటికి తేవడంలో ఉంది. సులువుగా ఆవిరి కావు కాబట్టి బట్టీ పెట్టి వేరు చేయడం కష్టం. మామూలుగా చేసే పని క్షారపు నీళ్లతో కడిగి ఫినాల్స్‌ని తిరిగి నీళ్లలోకి రప్పించడం. ఆలివ్ నీళ్ల విషయంలో ఇదే దెబ్బతీస్తుంది. చిన్న గ్లాసు ఆలివ్ నీళ్లలో కాస్త కాస్టిక్ కలిపి చూడండి, చూస్తుండగానే రంగు ముదిరి నల్లబడుతుంది. హైడ్రాక్సీటైరోసాల్ క్షారంలో గాలి తగిలితే అంత తొందరగా ఆక్సీకరణ చెందుతుంది. పైగా డెకనోయిక్ ఆమ్లం క్షారంతో సబ్బుగా మారి నీళ్లలోకి దిగుతుంది. సాల్వెంట్ పోయింది, సరుకూ పోయింది. సాల్వెంట్‌తో సహా అమ్ముడుపోయే సరుకు, అంటే మెంథాల్ వాసన ఉన్నా ఫరవాలేదనే చర్మపు క్రీము లాంటిది, మీ చేతిలో ఉంటే తప్ప ప్రస్తుతానికి వీటిని ల్యాబ్‌లోనే ఉంచడం మంచిది.

కోలిన్ రకాలకి తగిన చోటు పిప్పి. స్పెయిన్ మిల్లులు 1990ల మొదట్లో నీళ్లు తక్కువ వాడే రెండు దశల డికాంటర్లకి మారాయి. అక్కడ వచ్చేది నల్లనీళ్లు కాదు, అల్పెరూహో అనే తడి పిప్పి. దాన్ని కాస్త ఆరబెట్టి యుటెక్టిక్ సాల్వెంట్‌తో తీస్తే ఫలితం బాగుంటుంది. క్రీముల కోసమైతే మాత్రం కోలిన్ వద్దు, యూరప్ సౌందర్య సాధనాల్లో కోలిన్ లవణాల మీద నిషేధం ఉంది. గ్లిజరాల్, లాక్టిక్ ఆమ్లం లాంటి వాటితో చేసుకోండి.

మిగిలినవి రెండు. ట్వీన్ 80 లాంటి సర్ఫక్టెంట్ (సబ్బు లాంటి పదార్థం) కలిపి, ఉప్పు వేసి వేడి చేస్తే ఫినాల్స్‌తో నిండిన చిన్న పొర విడిపోతుంది. ఖర్చు తక్కువ, మంట భయం లేదు. నీళ్లలో మాత్రం ఉప్పూ నురగా మిగులుతాయి. ట్రైటాన్ రకం సర్ఫక్టెంట్లు వాడమని ఎవరైనా చెబితే వద్దనండి. వాటి నుంచి హార్మోన్లని చెడగొట్టే ఆక్టైల్‌ఫినాల్ వస్తుందని 2021 జనవరి తర్వాత యూరప్‌లో ప్రత్యేక అనుమతి లేకుండా వాడనివ్వడం లేదు. ఇక సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ (అధిక పీడనంలో ద్రవంలా పనిచేసే వాయువు) కొవ్వులో కరిగే పదార్థాలకి చక్కగా పనిచేస్తుంది. హైడ్రాక్సీటైరోసాల్ నీటిప్రియం కాబట్టి దీనికి లొంగదు, ఇథనాల్ తోడు కావాలి, వందల బార్ల పీడనం తట్టుకునే యంత్రాలు కావాలి.

సాల్వెంట్ కంటే ముందు జరగాల్సినది

ఏది ఎంచుకున్నా నీళ్లు తయారుగా లేకపోతే అన్నీ విఫలమవుతాయి. తాజా నల్లనీళ్లని నేరుగా ఇథైల్ అసిటేట్‌తో ఊపి నిలబెడితే పైన పలుచని సాల్వెంట్, కింద నల్లటి నీళ్లు, మధ్యలో వేలెడు మందాన జిడ్డుగా, బురద రంగులో ఒక పొర కనిపిస్తుంది. గంటలు గడిచినా అది తగ్గదు. పెక్టిన్, మిగిలిపోయిన నూనె, సన్నటి పిప్పి కలిసి కట్టే పొర అది, మీ సాల్వెంట్‌లో కొంత దానిలోనే ఇరుక్కుపోతుంది.

నీళ్లు మిల్లు నుంచి వచ్చిన వెంటనే సిట్రిక్ లాంటి ఆమ్లం కలిపితే కాయలోని ఎంజైములు ఫినాల్స్‌ని నల్లబరచడం ఆగుతుంది. అలా నిల్వ ఉంచితే ఆలివ్‌లోని ఒలియురోపీన్ అనే చేదు సమ్మేళనం కూడా మెల్లగా విరిగి హైడ్రాక్సీటైరోసాల్ అవుతుంది. అమెరికాలో రాబర్టో క్రియా పేటెంట్ చేసిన పద్ధతి ఇదే, నెలల తరబడి అలా ఉంచుతారు. నాలుగు నెలల సీజన్ నీళ్లని ఏడాది పొడవునా నడుపుకునే వీలూ కలుగుతుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌తో నూనె తీసి, సిరామిక్ మైక్రోఫిల్టర్ గుండా పంపాలి. నానోఫిల్ట్రేషన్ (అతి సన్నని రంధ్రాల పొర గుండా వడకట్టడం) కూడా పెట్టి నీళ్లని నాలుగో వంతుకి చిక్కబరిస్తే ఇందాకటి 80 కిలోల లెక్క 20 కిలోలకి దిగుతుంది. సాల్వెంట్‌ని మార్చడం కంటే ఇదే పెద్ద లాభం.

మరి ఎవరికి ఏది?

ఒక్క మిల్లు, కొద్ది నెలల సీజన్, కెమిస్ట్ లేడు అంటే సాల్వెంట్ ప్లాంట్ పెట్టకండి. ఆమ్లం కలిపి, వడకట్టి, చిక్కబరిచి, ఆ చిక్కని ద్రవాన్ని నలుగురు మిల్లుల వాళ్లు కలిసి పెట్టుకున్న కేంద్రానికి అమ్మండి. ఆ కేంద్రం ఆహార సప్లిమెంట్ల కోసం పొడి చేయాలనుకుంటే రెజిన్, ఇథనాల్ జోడీకే నా ఓటు. 90 శాతం పైన శుద్ధత అడిగే కొనుగోలుదారు ఉంటే, రెజిన్ నుంచి దిగిన ద్రవంలోని ఇథనాల్‌ని తీసేసి, మిగిలిన కొద్ది నీళ్ల మీద మాత్రమే ఇథైల్ అసిటేట్ వాడండి. అప్పుడు స్ట్రిప్పర్ కూడా చిన్నది సరిపోతుంది. ధర గురించి ఆశలు పెంచుకునే ముందు ఒకటి గుర్తుంచుకోండి: కృత్రిమంగా తయారుచేసిన హైడ్రాక్సీటైరోసాల్‌కి కూడా యూరప్ 2017లో అనుమతి ఇచ్చింది. సహజమైనది కావాలని అడిగే కొనుగోలుదారు చేతిలో ఉన్నాకే డబ్బు పెట్టాలి.

ఏ పద్ధతైనా ఈటీపీ అవసరాన్ని తీర్చదు. లీటరుకి 5 గ్రాముల పాలీఫినాల్స్ మొత్తం తీసినా తగ్గే సీఓడీ 9 గ్రాములే, మిగిలిన చక్కెరలు, ఆమ్లాలు అలాగే ఉంటాయి. లాభం ఏమిటంటే బయోగ్యాస్ బ్యాక్టీరియాకి అడ్డు తొలగుతుంది. కాబట్టి సాల్వెంట్ ప్లాంట్ చూపించి ఈటీపీ అక్కర్లేదని చెప్పే అమ్మకందారుని నమ్మకండి. పటాన్‌చెరు పక్కన నక్కవాగు ఒడ్డు ఊళ్ల రైతులు ఫ్యాక్టరీ నీళ్లతో దశాబ్దాలుగా పడిన బాధ తెలిసిన వాళ్లం మనం. గ్రీన్ అనే పేరుతో ఇంకో వాగులోకి సాల్వెంట్ వదలడం అన్యాయం.

పామాయిల్ మిల్లుల సంగతి

అశ్వారావుపేట, పెదవేగి వైపు పామాయిల్ మిల్లుల నీళ్లలోంచి కెరోటిన్ తీయవచ్చా అనే ప్రశ్న సహజంగానే వస్తుంది. లెక్క వేద్దాం. ఆ నీళ్లలో లీటరుకి నాలుగైదు గ్రాముల నూనె మిగులుతుంది. ముడి పామాయిల్‌లో కెరోటినాయిడ్లు కిలోకి 500 నుంచి 700 మిల్లీగ్రాములు. అంటే లీటరు నీళ్లలో కెరోటిన్ సుమారు 3 మిల్లీగ్రాములు. ఆలివ్ నీళ్లలో ఒక గ్రాము హైడ్రాక్సీటైరోసాల్ కోసమే ఇంత తంటా పడితే, మూడు వందల రెట్లు తక్కువ ఉన్న దాని కోసం సాల్వెంట్ పోయడంలో అర్థం లేదు. ఆ నీళ్ల మీద తేలే నూనెని సెంట్రిఫ్యూజ్‌తో తీసుకుని, మిగతా నీళ్లని బయోగ్యాస్‌కి పంపడమే మేలు.

కెరోటిన్ నిజంగా ఉన్నది గెలలు పిండాక మిగిలే పీచులో. ఆ పీచులో ఎండు బరువు మీద 5 నుంచి 6 శాతం నూనె ఉంటుంది, ఆ నూనెలో కెరోటినాయిడ్లు కిలోకి 4,000 నుంచి 6,000 మిల్లీగ్రాములు. ఎండబెట్టగల ఘనపదార్థం, కొవ్వులో కరిగే సమ్మేళనం కాబట్టి ఆలివ్ నీళ్లకి పనికిరాదన్న సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడే ఇక్కడ ముందు వరసలోకి వస్తుంది. ప్రస్తుతం ఆ పీచు చాలావరకు మిల్లు బాయిలర్లో కాలిపోతోంది. నూనె తీసేశాక కూడా పీచు బాయిలర్‌కి పనికొస్తుంది, కాబట్టి పామాయిల్ మిల్లు వాళ్లు డబ్బు పెట్టాలనుకుంటే పరీక్షలు మొదలుపెట్టాల్సింది నీళ్ల గుంట దగ్గర కాదు, పీచు కుప్ప దగ్గర.